తడిగుడ్డ

మార్కాపురం బస్సులో గోనెసంచీలో వచ్చాయి
కాశింపీరా గారి కాగితాలు.
కాగితాలంటే కాగితాలు కావు.
పదకొండు పలకలు.
చెక్క చట్రం ఊడినవి ఆరు,
అంచు పగిలింది ఒకటి.
ఉత్త రాళ్ళేనన్నా వినకుండా
కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడట.

ఒంగోలు సంతపేటలో రెండు గదులు మావి.
రాతప్రతుల భాండారం అని బోర్డు.
రేషన్ డిపో అనుకుని
అప్పుడప్పుడూ ఎవరో ఒకరు సంచీతో వస్తారు.

ఇక్కడ కొట్టివేతలు దాస్తాం.
ఒకాయన 'వెన్నెల' అని రాసి, కొట్టేసి,
'కరెంటు పోయింది' అని దిద్దుకున్న పేజీ ఉంది.
ఒకావిడ పాల లెక్క పక్కనే
కథ ముగింపు మూడుసార్లు మార్చిన క్యాలెండరు ఉంది.
చెదపురుగుకి ఇవేవీ తెలీవు గనక
మాల్యాద్రీ నేనూ
ప్రతి శనివారం అరల్లో వేపాకు మారుస్తాం.

పలకలు ఏ అరలో పెట్టాలో
మా రిజిస్టరుకీ తెలీదు.

తెచ్చిన చాంద్‌బీ ఫ్యాను కింద కూచుని
చెంగుతో మెడ తుడుచుకుని చెప్పింది:
"మా నాయన పలకల ఫ్యాక్టరీలో
కోతమిషను దగ్గర చేశాడమ్మా.
వంకరపోయినవి ఇంటికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు.
రాత్రిపూట దగ్గు తెరిపిచ్చినప్పుడు రాసేవాడు,
పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేవాడు.
బాగా కుదిరితేనే కాగితం.
కాగితానికి డబ్బులు గదా."

"ఆ కాగితాలేవీ?"

"పుస్తకం వేస్తానని ఒకాయన పట్టకపోయాడు."

పేరు అడగలేదు.
ప్రతి ఊళ్ళో ఆ ఒకాయన ఉంటాడు.

కడిగిన కంచాల్లా ఉన్నాయి పలకలు.
మర్యాదకి నవ్వాను. టీ తెప్పించాను.
తీసుకోలేమని ఎట్లా చెప్పాలో
లోపల చిత్తు రాసుకుంటున్నాను.
మొదటి వాక్యం, కొట్టివేత,
మళ్ళీ మొదటి వాక్యం.

నాలుగున్నరకి పడమటి కిటికీలోంచి ఎండ
బల్లమీదికి ఏటవాలుగా జారింది.
మాల్యాద్రి ఒక పలక ఎత్తి పట్టుకుని
"మేడం, ఇది తుడవలేదు" అన్నాడు.

తుడిచిందే.
బలపం గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.
తెలుపు పోయింది, గీత మిగిలింది.
గీత మీద గీత,
దానిమీద నలభై ఏళ్ళ రాత్రులు,
దీర్ఘాలు గుడుల్లోకి దూరి,
ఒత్తులు ఒత్తుల్ని తొక్కుకుని,
సంతకి తోలిన గొర్రెల్లా
ఒకదాని వీపు మీద ఒకటి మోర పెట్టుకుని.
ఏదీ చదవడానికి వీల్లేదు.
అన్నీ ఉన్నాయి.

ఇటు తిప్పితే పోతున్నాయి,
అటు తిప్పితే వస్తున్నాయి.
ఒక మూల నాకు 'నీ' అని కనిపించింది.
మాల్యాద్రికి అది 'నీళ్ళు'.
చాంద్‌బీ చాలాసేపు చూసి
"నిమ్మళం" అంది.
తనకి చదువు రాదని తర్వాత చెప్పింది.

గుడ్డ పెట్టేముందు ఆయన
పలక మీద నోటి ఆవిరి ఊదేవాడట,
పిల్లలు అద్దం మీద ఊదినట్టు.
ఆ ఊపిరే కరువైన మనిషి.
రాతిదుమ్ము గడ్డకట్టిన రొమ్ములోంచి
కొంచెం కొంచెం తీసి
కుదరని మాటల మీద ఖర్చుపెట్టాడు.

ఆమె వెళ్ళాక రిజిస్టరు తెరిచాను.
క్రమసంఖ్య: రెండువందల పన్నెండు.
రచయిత: కాశింపీరా, పలకల కార్మికుడు.
వస్తువు: పలకలు.
స్థితి: తుడిచినవి.
పేజీల సంఖ్య దగ్గర కలం ఆగింది.
'లేవు' అని రాశాను.
కొట్టేశాను.
'లెక్కలేదు' అని రాశాను.
మరీ కవిత్వంగా ఉందని అదీ కొట్టేశాను.
ఆ గడి అట్లాగే ఉంది, ఎవరైనా చూడొచ్చు.

మాల్యాద్రి ఆ అర పక్క గోడకి
చీటీ అంటించాడు:
తడిగుడ్డ వాడరాదు.

పన్నెండో పలక ఒకటుందట.
చాంద్‌బీ ఇవ్వలేదు.
మనవరాలు దానిమీద
'ఱ' దిద్దుతోందట, ఇంకా రావట్లేదట,
ఎంగిలి పెట్టి అరచేత్తో చెరుపుతూనే ఉందట.